కెల్లాన్ ముని గంట

బెథోక్ ఆ తోలుసంచిని గుడిసె అవతలికి విసిరేయబోయి ఆగిపోయింది. సూర్యుడు అప్పుడే కొండ అంచు దాటి, గోడలో కన్నంలా ఉన్న చిన్న కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తున్నాడు. ఎత్తిపట్టుకున్న సంచికి ఆ ఎండ తగిలేసరికి మట్టినేల మీద చీమలబారులా వెలుగుచుక్కలు పడ్డాయి. సంచి కదిలితే చుక్కలు కదిలాయి, ఆపితే ఆగాయి.

ఏడు నెలలుగా ఆ సంచి చిలక్కొయ్యకు ఖాళీగా వేలాడుతోంది. నిన్నటినుంచి ఆమె ఇల్లంతా తవ్వి పోసింది. పొయ్యి కింద చూసింది, గడ్డికప్పు పీకి చూసింది, పశువుల తొట్టి బోర్లించింది. కాలుగాలిన పిల్లిలా తిరగడమే తప్ప ఒక్కచోట కూర్చున్నది లేదు. వెతుకుతున్నదాని ఆచూకీ మాత్రం ఇన్నాళ్ళూ కళ్ళెదురుగా కొయ్యకు వేలాడుతూనే ఉంది.

ఈ లోయను మీరు ఏ పటంలోనూ వెతక్కండి, దొరకదు. స్కాట్లండు కొండల్లో ఎక్కడో అరవై మూడు గడపల పల్లె అనుకోండి, చాలు. ఆ రోజుల్లో ఆ దేశానికి రాజు లేడు. ఇంగ్లండు రాజు సేనలతో వచ్చి ఉన్న రాజును దింపేశాడు. స్కాట్లు తరతరాలుగా పట్టాభిషేకం చేసుకునే రాతిని కూడా పెకలించి తన దేశానికి మోయించుకుపోయాడు. రాయి పోయాక మనుషుల వంతు వచ్చింది. భూమి ఉన్న ప్రతివాడూ వచ్చి, మా ఏలిక మీరేనని ప్రమాణం చెయ్యాలన్నాడు.

లోయవాళ్ళు చేశారు. పుస్తకం మీద చెయ్యి పెట్టమంటే పెట్టారు, చెప్పమన్నది చెప్పారు, ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నారు. ఎందుకంటే వాళ్ళ దృష్టిలో ప్రమాణమంటే ఒక్కటే. కెల్లాన్ ముని గంట మూడుసార్లు మోగాక దాని మీద చెయ్యి వేసి పలికిన మాటే మాట, మిగతావన్నీ గాలికి చెప్పినవే. గంట మీద ఆడి తప్పినవాడికి ఆ లోయలో నిప్పిచ్చే ఇల్లుండదు, చస్తే మోసే నలుగురుండరు.

ఆ గంట డిప్ప ఎవరో కమ్మరి చేసిందే. దాని నాలుకను మాత్రం ముని తన చేతికర్ర ములుకు ఊడదీసి స్వయంగా కట్టాడట. పూర్వం ఒకసారి డిప్ప పగిలితే మార్చారు గానీ నాలుక జోలికి ఎవరూ పోలేదు. మహిమంతా అందులోనే ఉందని వాళ్ళ నమ్మకం. దాన్ని కాపాడే పని బెథోక్ వంశానిది. ఆమె తండ్రి ఫింగాన్ ఆ వంశంలో పద్నాలుగో కావలివాడు.

కిందటి చలికాలం ఇంగ్లీషు సైనికులు గుళ్ళలోని పవిత్ర వస్తువులు పోగుచేస్తున్నారని విని ఫింగాన్ గంటను ఆ తోలుసంచిలో పెట్టుకుని ఒంటరిగా అడవికి పోయాడు. నాలుగు రోజులకు తిరిగొచ్చాడు, మంచులో తడిసి, భుజాన కంబళి లేకుండా. "ఉన్న ఒక్క కంబళీ ఎక్కడ పారేసుకొచ్చావు నాన్నా, ఈ వయసులో బుద్ధుండక్కర్లా," అని బెథోక్ కేకలేసింది. ఆ రాత్రికే జ్వరం కమ్మింది, మాట పడిపోయింది. మూడో రోజున చెయ్యెత్తి ఖాళీ సంచి వైపు చూపించి కన్నుమూశాడు. కొయ్యకు తగిలించమంటున్నాడు కాబోలనుకుని ఆమె తగిలించింది.

ఇప్పుడు కోట అధిపతి సర్ రాల్ఫ్ మోర్డన్‌కు పుస్తకం మీది ప్రమాణాల గుట్టు తెలిసిపోయింది. చెప్పినవాడెవడో గానీ సగమే చెప్పాడు. గంట సంగతి చెప్పాడు, నాలుక సంగతి చెప్పలేదు. అదే వారంలో బెథోక్ తమ్ముడు కోనల్, అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారులకు పిండి మోస్తూ దొరికాడు. మోర్డన్ ఆమెను కోటకు పిలిపించి ఒక్కటే మాట అన్నాడు.

"గంట తెచ్చి నా ముందు మోగించు. మీ అరవై మూడు గడపలూ దాని మీద ప్రమాణం చేశాక నీ తమ్ముణ్ణి నీ వెంట పంపిస్తాను. కొత్త పంట రొట్టెల పండుగ మధ్యాహ్నానికి గంట రాకపోతే కోట ముందున్న చెట్టుకు వాడు వేలాడతాడు."

పండుగ మూడు రోజుల్లో ఉంది. తెస్తే లోయ మొత్తం నిజంగా లొంగిపోతుంది, తేకపోతే తమ్ముడు పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

బెథోక్ సంచి పట్టుకుని కమ్మరి గిల్‌క్రిస్ట్ కొలిమి దగ్గరకు పరుగెత్తింది. అరవై దాటిన గిల్‌క్రిస్ట్ ఆమె తండ్రికి చిన్ననాటి స్నేహితుడు. నోరు కాస్త మెత్తన గానీ మిగతా ఒళ్ళంతా ఇనుమే. సంచిని ఎండకు పట్టి, తలుపు మీద పడిన చుక్కల్ని వేలితో తడుముకుంటూ పోయాడు.

"తోలు కుట్టే ఆరెతో పొడిచాడమ్మాయ్. ఈ వంకర గీత నల్లవాగు. ఈ నిలువు చుక్కలు జడధార జలపాతం. దాని వెనకాల గుహ ఉందని మా తాత అనేవాడు. ఈ పెద్ద సున్నా గుహలో స్తంభమేదో అయ్యుండాలి. దారి దాని చుట్టూ తిరిగి..." ఆయన వేలు ఆగిపోయింది. "ఇదేమిటి, ఎదురు తిరిగింది?"

బెథోక్ కూడా చూసింది. దారి స్తంభాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని చుట్టింది. ఆ లోయలో ఎవరూ అలా నడవరు. పెళ్ళికూతురు గడప తొక్కినా, పడవ నీళ్ళలో దించినా, ఆవును కొత్త కొట్టంలో కట్టినా, సూర్యుడు తిరిగినట్టే కుడివైపు ప్రదక్షిణం చెయ్యాలి. ఎదురు తిరగడం శత్రువుకు శాపం పెట్టేవాళ్ళ పని.

"గంట చేతిలో పెట్టుకుని ఫింగాన్ ఎదురు నడవడమా? చచ్చినా నడవడు. సంచి తిరగేసి చూడాలి, అంతే," అన్నాడు గిల్‌క్రిస్ట్. తిరగేశారు. దారి చక్కగా కుడివైపు చుట్టింది. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

"ఏం కనిపెట్టారేం?" అన్న గొంతు విని తిరిగిచూశారు. గుమ్మానికి అడ్డంగా సార్జంటు వాట్ నిలబడి ఉన్నాడు. మోర్డన్ కాపలాగా పంపిన మనిషి. సరిహద్దు పల్లెలో పుట్టాడు కాబట్టి వీళ్ళ భాష వచ్చు, కాకపోతే రాళ్ళు నములుతున్నట్టు మాట్లాడతాడు. పదిమందిని పంపితే అడవిలోని తిరుగుబాటుదారులు పసిగడతారని మోర్డన్ ఇతన్నొక్కణ్ణే పంపాడు.

"దారి దొరికింది. బయల్దేరదాం," అంది బెథోక్.

"తిని బయల్దేరొచ్చు."

"నడుస్తూ తిందాం."

గిల్‌క్రిస్ట్ బారెడు మీద బారెడుగా తాడు భుజానికి చుట్టుకున్నాడు. దాని కొసకు తన చేత్తో చేసిన కొక్కెం తగిలించాడు. జానెడు పొడుగుంటుంది, మంచి ఇనుము. దానికి ఎద్దును కట్టి లాగించినా వంగదని ఆయన గొప్ప.

నల్లవాగు వెంబడి అడవి చిక్కబడుతూ పోయింది. పాచిపట్టిన ఓక్ చెట్లు ఒకదాని మీద ఒకటి వాలిపోయి దారి మూసేశాయి. కాలు పెడితే మోకాలి దాకా దిగబడే బురదనేల, చేత్తో తోస్తే ముఖాన కొట్టే ఫెర్న్ పొదలు. చెమట వాసనకు కంటికి ఆనని పురుగులు గుంపులుగా ముసిరి చెవుల్లో, కనురెప్పల్లో కుట్టాయి. మధ్యాహ్నానికి వాన మొదలైంది. బెథోక్ ముందు నడుస్తూనే ఉంది. మగవాళ్ళు అలిసి చెట్టు కింద కూలబడితే ఆమె నిలబడే నీళ్ళు తాగింది, ఆకాశం చూసింది, మళ్ళీ అడుగు వేసింది.

"నీకు కాళ్ళు నొప్పి పుట్టవా?" అన్నాడు వాట్.

"మా తమ్ముడు నుంచునే చోటు గుర్తొస్తే పుట్టవు."

వాట్ ఒక ఓట్ రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. ఆకలి శత్రువుని చూసి ఆగదు కదా.

మర్నాడు పొద్దెక్కేసరికి జలపాతం హోరు వినబడింది. నల్లటి కొండచరియ మీదనుంచి తెల్లటి నీళ్ళు జడలు విప్పుకున్నట్టు దూకుతున్నాయి. నీటితెర వెనక, మనిషి పాదమంత వెడల్పున్న రాతి అంచు గుహ నోటికి పోతోంది. అడుగున నురగలు కక్కే గుండం. గిల్‌క్రిస్ట్ కొక్కేన్ని రాతి పగులులో బిగించి తాడు పరిచాడు. దాన్ని పట్టుకుని ముగ్గురూ గోడకు అతుక్కుని జరుగుతూ లోపలికి చేరి, తాడు విదిలించి కొక్కేన్ని వెనక్కి లాక్కున్నారు.

లోపల గుహ ఒక పెద్ద చర్చి అంత ఉంది. నీటితెరలోంచి వడగట్టినట్టు వస్తున్న పచ్చటి వెలుతురులో మధ్యన రాతిస్తంభం కనబడింది, పైకప్పును అదే మోస్తున్నట్టు. వాట్ గుగ్గిలపు కాగడా వెలిగించాడు. స్తంభానికి అటూ ఇటూ కూడా దారి ఉంది. కుడివైపు ప్రదక్షిణపు దారి వెడల్పుగా, చదునుగా, రా రమ్మన్నట్టు ఉంది. ఎదురు దారి మాత్రం వంకరగా, జారుడుగా, నీళ్ళు కారుతూ ఉంది.

"చూశావా, దేవుడి దారి ఎప్పుడూ సుళువే," అని గిల్‌క్రిస్ట్ తాడు నడుముకు కట్టుకుని, రెండో కొస వాట్ చేతికిచ్చి, సిలువ గుర్తు వేసుకుని ప్రదక్షిణపు దారిలో అడుగుపెట్టాడు. పది అడుగులు వేశాడు. పదకొండో అడుగుకు పలకరాయి ఫెళ్ళున విరిగింది. ముసలాయన కనబడలేదు, అరుపు మాత్రం వినబడింది.

నడుముకు తాడు ఉండబట్టి బతికాడు. తాడు సర్రున జారి వాట్ అరచేతుల్ని కోసుకుంటూ పోయింది. "లాగు, లాగు," అని అతడు గర్జించాడు. బెథోక్ కూడా తాడు అందుకుని రాతికి కాలు తన్నిపట్టి లాగింది. కింద చీకట్లో నీళ్ళు సుళ్ళు తిరుగుతున్న శబ్దం. ఎప్పటికో గిల్‌క్రిస్ట్ తల పైకొచ్చింది. ముక్కు పగిలింది, పైపళ్ళు రెండు పోయాయి. అంచు మీదికి లాగిపడేసేసరికి ఆయన చేసిన మొదటి పని తాడు కొసన తన కొక్కెం ఉందా లేదా అని తడుముకోవడం.

"ఆ తోలుసంచి ఇలా తే," అన్నాడు వాట్. కాగడా దగ్గర పెట్టి సంచి లోపలివైపు చూశాడు. "ఆరె దిగినవైపు కన్నం నున్నగా ఉంటుంది, తేలినవైపు తోలు పొంగుతుంది. ఇది లోపలినుంచి పొడిచిన బొమ్మ. లోపలినుంచే చూడాలి. దారి ఎడమచేతి వైపు స్తంభాన్ని ఉంచుకుని పోతోంది. ఇంత స్పష్టంగా ఉంటే ఇటెందుకొచ్చారు?"

గిల్‌క్రిస్ట్ నెత్తురు తుడుచుకుంటూ నేలచూపులు చూశాడు. ఇనుముతో బతికే మనిషికి ఆ పోటు ఎటునుంచి దిగిందో తెలియక కాదు. తెలుసుకోవడానికి మనసొప్పలేదు, అంతే.

బెథోక్‌కు అప్పుడు తండ్రి ఎత్తు అర్థమైంది. లోయవాళ్ళ నోటినుంచి రహస్యం పొక్కినా, లోయవాడెవడూ ఎదురు ప్రదక్షిణం చెయ్యడు. అంతకన్నా మంచి తాళం ఎక్కడ దొరుకుతుంది? కానీ బతుకంతా ఒక్క అడుగు ఎదురు వెయ్యని మనిషి, పవిత్రమైన గంటను గుండెకు హత్తుకుని, ముని క్షమిస్తాడో లేదోనని వణుకుతూ ఆ జారుడు దారిన ఒంటరిగా పోయి ఉంటాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు.

"నేను రాను తల్లీ. పళ్ళు పోతే పోయాయి, పరలోకం కూడా పోగొట్టుకోలేను," అని గిల్‌క్రిస్ట్ అక్కడే కూలబడ్డాడు.

"ఉండు బాబాయ్. నాన్న పోయిన దారి నాకు చాలు," అని బెథోక్ తాడు భుజాన వేసుకుని స్తంభానికి ఎదురువైపు తిరిగింది. మొదటి అడుగు వేసింది. పిడుగు పడలేదు. రెండో అడుగు కాస్త తేలిగ్గా పడింది. వాట్ కాగడా పట్టుకుని వెనకే నడిచాడు.

స్తంభం వెనక నేల చీలి, గుండెలోతు కాలువ ఒకటి హోరున పారుతోంది. దానికి అవతల గోడలో సన్నటి సందు ఉంది. బెథోక్ కొక్కేన్ని అవతలి పగులులోకి విసిరింది. నాలుగోసారికి పట్టింది. ఇవతలి కొసను వాట్ నడుముకు చుట్టుకుని బిగబట్టాడు. ఆమె తాడుకు వేలాడుతూ, నీళ్ళు కాళ్ళను గుంజుతుంటే చేతిమీద చెయ్యి వేసుకుంటూ అవతలికి చేరింది.

వాట్ ఆ సందువైపు చూశాడు, తన భుజాలు చూసుకున్నాడు. అందులో అతడి చెయ్యి దూరితే గొప్ప. "నేనిక్కడే ఉన్నాను. తమ్ముడు గుర్తుంటే తొందరగా రా," అని అరిచాడు.

పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, బెథోక్ సందులో దూరింది. లోపల చిన్న గూడు. సంచిలోంచి కొవ్వొత్తి తీసి వెలిగించేసరికి మొదట కనబడింది గంట కాదు, తండ్రి కంబళి. నీలం గడుల కంబళి, ఆమె నేసినదే. తేమ తగలకుండా నాలుగు మడతలు వేసి గంటకు చుట్టిపెట్టాడు. మంచు కురిసే పుష్యమాసంలాంటి రోజుల్లో తన ఒంటి వెచ్చదనం తీసి ఇనుముకు కప్పి, ఒట్టి చొక్కాతో రెండు పగళ్ళు నడిచి ఇంటికొచ్చాడు. గుమ్మంలో కూతురు తిట్టింది. కంబళి ఎక్కడో అప్పుడే చెప్పేస్తే గంట గుట్టు బయటపడుతుందని తిట్లు తిని ఊరుకున్నాడు.

ఆమె ఆ కంబళిలో ముఖం దాచుకుని ఏడ్చింది. నాన్నా, బుద్ధి లేనిది నాకు, అనుకుంది. తరవాత ముక్కు తుడుచుకుని గంట ముందేసుకుంది.

ఇంత చేసి ఆయన దాచినదాన్ని మోర్డన్ చేతిలో పెట్టాలా? పెట్టకపోతే కోనల్ ఉండడు. మొన్నటినుంచీ ఇవే రెండు దార్లు ఆమెను తినేస్తున్నాయి. గంటను అటూ ఇటూ తిప్పింది. లోపల ములుకులాంటి నాలుక, తోలుపేటకు వేలాడుతూ, మసక వెలుతురులో మెత్తగా ఊగింది. మోర్డన్ అడిగింది గంట. నాలుక పేరు అతడు ఎత్తలేదు, అది వేరని అతడికి తెలియదు. లోయలో ప్రతి ప్రాణికీ తెలుసు.

ఎదురు ప్రదక్షిణం చేసిన కాళ్ళకు ఇంకో ఎదురు అడుగు కష్టమనిపించలేదు.

ఆమె చాకుతో తోలుపేట కోసింది. నాలుకను కంబళిలో చుట్టి గూట్లోనే పెట్టి రాయి అడ్డం వేసింది. మరి గంట మోగాలి కదా, దేనితో మోగుతుంది? సందులోంచి బయటికి వచ్చి పగులులో బిగిసిన కొక్కేన్ని చూసింది. అవతల వాట్ కాగడా మార్చుకోవడానికి వంగి ఉన్నాడు. కొక్కేన్ని పీకి, తాడు విప్పి, చెప్పు పట్టె తెంపి దాన్ని గంటలో వేలాడగట్టింది. పైన పచ్చి ఉన్ని కుక్కి గంట నోరు మూసేసింది. దారిలో గంట మోగకూడదన్నది కావలివాళ్ళ ఆచారం, ఆ ఉన్ని ఎప్పుడూ సంచి జేబులోనే ఉంటుంది.

తాడును తన నడుముకే ముడివేసుకుని, గంటను నెత్తిన పెట్టుకుని కాలువలోకి దిగింది. నీళ్ళు ఇందాకటికన్నా జానెడు పెరిగాయి, గుండెలు దాటి గొంతుకు తన్నుతున్నాయి. వాట్ బలమంతా ఉపయోగించి లాగాడు. ఒడ్డున పడి ఆమె నీళ్ళు కక్కింది.

"కొక్కెం ఏదీ?"

"నీళ్ళలో పడిపోయింది."

"పిచ్చిదానా, బయటికెలా పోతాం? వాన విను."

నిజమే. జలపాతం గొంతు మారింది. కొండ మీద కురిసిన వానంతా వాగులోకి దిగింది. గుహ నోటి దగ్గర రాతి అంచు మీద ఇప్పుడు నీటితెర అంచులు కొరడాల్లా కొడుతున్నాయి. ఇంకొక గడియ ఆగితే దారి పూర్తిగా మూసుకుపోతుంది. తాడు బిగించడానికి కొక్కెం లేదు.

"నా కొక్కేన్ని నీళ్ళపాలు చేశావా అమ్మాయ్," అని గిల్‌క్రిస్ట్ ఉన్న పళ్ళు నూరాడు.

"గంట నా దగ్గర ఉండాలి. నేను ముందు పోతాను," అని వాట్ సంచి మెడలో వేసుకుని తాడు నడుముకు కట్టుకున్నాడు. రెండో కొసను బెథోక్ తన నడుముకు చుట్టుకుని గుహ నోట్లో రాయికి పాదాలు తన్నిపట్టి కూలబడింది. వెనకనుంచి గిల్‌క్రిస్ట్ ఆమె భుజాలు పట్టుకున్నాడు.

వాట్ సగం దూరం బాగానే పోయాడు. అప్పుడు పైనుంచి ఒక మొద్దు దొర్లుకుంటూ వచ్చి అంచుకు తగిలింది. వాట్ కాళ్ళు రాతి మీదనుంచి తప్పాయి. తాడు టప్పున బిగిసి బెథోక్ పొట్టలోకి దిగబడింది. ఆమె రెండు మూరలు ఈడ్చుకుపోయి, అంచున ఉన్న బండకు మోకాలు అడ్డం పెట్టి ఆగింది. కింద గుండం మీద గంట మెడలో వేసుకుని ఒక నిండు మనిషి వేలాడుతున్నాడు.

"వదిలేస్తే పీడా పోతుంది," అన్నాడు గిల్‌క్రిస్ట్ ఆమె చెవిలో.

ఆ మాట ఆమెకూ తట్టకపోలేదు. వదిలేస్తే గంట పోతుంది, గంటతోపాటు కోనల్ పోతాడు. కానీ ఆ క్షణంలో ఆమె లెక్కలు వేసుకోలేదు. ముసలాయన గోతిలో పడ్డప్పుడు అరచేతులు తెగుతున్నా ఈ మనిషి తాడు వదల్లేదన్నది ఒక్కటే గుర్తొచ్చింది.

"లాగు బాబాయ్," అంది పళ్ళ బిగువున. "కబుర్లాపి లాగు."

లాగారు. వాట్ వేళ్ళు అంచుకు తగిలాయి, తరవాత మోచెయ్యి, తరవాత మోకాలు. అవతలి చెట్టు మొదలు దాకా పాకి తాడును దానికి బిగించి, "రండి," అని కేక పెట్టాడు. చివరగా బెథోక్ దాటిన కాసేపటికే జలపాతం రాతి అంచును పూర్తిగా మింగేసింది. వాట్ వానలో వెల్లకిలా పడుకుని ఆమె నడుము చుట్టూ నెత్తురోడుతున్న తాడు గాటు చూశాడు.

రొట్టెల పండుగ నాటి మధ్యాహ్నం కోట ముందు మైదానంలో లోయంతా చేరింది. చెట్టు కింద బండి, బండి మీద మెడకు తాడుతో కోనల్. అక్క చేతిలో సంచి చూడగానే అతడి ముఖం మాడిపోయింది. "నా కోసం లోయను అమ్మేశావా అక్కా," అని అరిచాడు. జనం కూడా ఆమెకు దారి ఇచ్చారు గానీ ఎవరూ కళ్ళెత్తి చూడలేదు. బెథోక్ బదులు చెప్పలేకపోయింది. నాలుగు దిక్కులా ఇంగ్లీషు చెవులున్నాయి.

అందరికన్నా ముందు ముసలి మారియోటా కర్ర ఊనుకుని నిలబడి ఉంది. ఇద్దరు కొడుకుల్ని యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి. తనను ఉరితీసినా సరే గంట మీద ఆ మాట అననని ఊరంతా చెప్పుకుంటూ వచ్చింది. ఆమె అననంటే మిగతావాళ్ళూ అనరు.

"మోగించు," అన్నాడు మోర్డన్.

బెథోక్ ఉన్ని పీకింది. చెయ్యెత్తింది. కెల్లాన్ గంట గొంతు లోయలో ఉగ్గుపాల నాటినుంచి అందరికీ తెలుసు. తుట్టె చుట్టూ తేనెటీగలు మూగినట్టు నిండుగా, ఆగి ఆగి మోగేది. ఇప్పుడు మాత్రం పెనం మీద గరిటె పడ్డట్టు టంగుమంది.

మైదానం చల్లబడిపోయింది. ఒక పిల్ల "అమ్మా, అది మన..." అనబోతే తల్లి అరచెయ్యి నోటికి అడ్డం పడింది. గిల్‌క్రిస్ట్ తల చటుక్కున పైకి లేచింది. తన కొలిమిలో, తన సుత్తి కింద పుట్టిన ఇనుము గొంతు ఆయనకు తెలియదా? పళ్ళూడిన నోరు తెరుచుకుంది, వెంటనే మూసుకుంది. బెథోక్ రెండోసారి మోగించింది, మూడోసారి మోగించింది. ఎవరో ఒకరు నోరు జారితే అంతే సంగతులు.

మారియోటా చెవి పక్కకు వంచి మూడోసారి కూడా శ్రద్ధగా విన్నది. కర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి గంట మీద వేసి, కోట గోడలు వినేంత గట్టిగా ఇంగ్లండు రాజుకు విధేయురాలినని ప్రమాణం చేసింది.

"సరిగ్గా వినబడిందా దొరా? కావాలంటే ఇంకోసారి చెబుతాను."

ఆమె వెనక అరవై రెండు గడపలూ బారులు తీరాయి. అంత చప్పున, అంత వినయంగా ఆ లోయ ఎన్నడూ లొంగలేదు. మోర్డన్ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. బండి మీద కోనల్ తలవంచుకుని భుజాలు కదుపుతున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నారు భటులు.

"సార్జంటూ, గంట లోపలికి తీసుకుపో. ఇకనుంచి అది కోటలో ఉంటుంది. ఆ కుర్రాణ్ణి విప్పండి," అన్నాడు మోర్డన్.

వాట్ గంటను గుడ్డలో చుట్టడానికి తిరగేశాడు. అతడి చెయ్యి ఆగిపోయింది. లోపల జానెడు కొక్కెం, చెప్పు పట్టెకు వేలాడుతూ. బెథోక్ తమ్ముడి వైపు చూసింది. కోనల్ మెడలో తాడు ఇంకా ఉంది, భటుడి వేళ్ళు ఇంకా ముడి మీదే ఉన్నాయి. వాట్ ఆమెను చూశాడు. తరవాత తాడు కోసిన తన అరచేతులు చూసుకున్నాడు.

"ఏమిటి ఆలస్యం?" అన్నాడు మోర్డన్.

"ఏం లేదు దొరా. పాత ఇనుము, బరువుగా ఉంది," అని వాట్ గుడ్డను నాలుగు మడతలు గట్టిగా చుట్టి కోటలోకి నడిచాడు.

ఇంటిదారిలో మలుపు తిరిగి కోట కనబడకుండా పోయాక కోనల్ అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఇందాకటినుంచి బిగబట్టిన నవ్వు ఇప్పుడు నిజంగానే ఏడుపైంది. "నాలుక ఎక్కడుందక్కా?" అన్నాడు.

"నాన్న కంబళిలో."

గిల్‌క్రిస్ట్ ముందు నడుస్తూ, కమ్మరి చేసిన కొక్కేనికి ఇంతటి మర్యాద ఏ దేశంలోనూ జరిగి ఉండదని తనలో తాను గొణుక్కుంటున్నాడు. చుట్టూ జనం ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వు పెదాల వెనక దాచుకుంటూ, పండుగ రొట్టెలు కాలుతున్న ఇళ్ళవైపు పోతున్నారు.

దారి పక్కన రాయి ఒకటి కనబడితే బెథోక్ ఆగిపోయింది.

"ఏమైందక్కా? ఇల్లు ఇంకెంత దూరమని, పద."

"ఉండరా," అంది బెథోక్. "కాసేపు కూర్చుంటాను."